తొడలో మొదలయ్యే నొప్పి: ఎముకల మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారు తెలుసుకోవలసిన విషయం

న్యూయార్కు నగరపు భూగర్భ రైలులో ఒక ఉదయం 59 ఏళ్ల వైద్యురాలు ఒకరు నిలబడి ప్రయాణిస్తున్నారు. రైలు ఒక్కసారిగా కుదిపింది. నిలదొక్కుకోవడానికి ఆమె ఒంటికాలిపై బరువు మోపారు. తొడ ఎముక పుటుక్కున విరిగినట్టు తెలిసింది. ఆ తరువాతనే ఆమె నేలమీద పడిపోయారు. పడినందువల్ల ఎముక విరగలేదు, ఎముక విరిగినందువల్ల ఆమె పడ్డారు. ఎముకలు బలపడడానికని ఆమె అప్పటికి చాలా ఏళ్లుగా అలెండ్రోనేట్ అనే మాత్ర వాడుతున్నారు. అంతకు ముందు కొంతకాలంగా ఆ తొడలోనే నొప్పి కూడా ఉండేది. ఈ ఉదంతం 2006లో ఒక వైద్య పత్రికలో వెలువడింది.

బస్సు కుదుపులు, లోకల్ రైళ్ల తోపులాటలు నిత్యకృత్యమైన మన నగరాలలో దీనిని దూరదేశపు వింతగా తోసిపుచ్చడానికి వీలులేదు. బెంగళూరు, చెన్నై, ముంబయి, షోలాపురం, బరంపురం వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనూ అరవై దాటిన తల్లులు, అత్తలు, అమ్మమ్మలు వారానికొకటి చొప్పున ఈ మాత్రనో, ఇదే వర్గానికి చెందిన మరొక మందునో వాడుతూ ఉంటారు. మందు మంచిదే. అయితే దానికి ఒక గడువు ఉంది, ఒక హెచ్చరిక ఉంది. కొన్నేళ్లు వాడిన తరువాత, కొనసాగించాలా వద్దా అని వైద్యుడు మళ్లీ నిర్ణయించవలసిన సమయం గడువు. తొడలోనో గజ్జలోనో మొదలయ్యే నొప్పి హెచ్చరిక. ఈ రెండూ రోగికి, ఇంట్లోవారికి ముందే తెలిసి ఉంటే కాలు విరగకుండా ఆపడానికి చాలాసార్లు వీలుంటుంది.

మందు చేసే పని

ఎముక పైకి రాయిలా కనిపించినా, నిత్యం కూలుతూ కట్టబడుతూ ఉండే సజీవమైన కట్టడం. ఒక రకం కణాలు పాతబడిన ఎముకను కరిగించి తొలగిస్తాయి. మరొక రకం కణాలు ఆ గుంటలో కొత్త ఎముకను నింపుతాయి. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు పదోవంతు ఈ విధంగా కొత్తదవుతుంది. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోవడంతో కూల్చే పని ముందుకు పోతుంది, కట్టే పని వెనకబడుతుంది. ఎముక లోపలి అల్లిక పలచబడి బోలుగా తయారవుతుంది. దీనినే బోలు ఎముకల వ్యాధి అంటారు. వైద్యులు ఆస్టియోపొరోసిస్ అని రాస్తారు. ఈ స్థితిలో స్నానాలగదిలో జారినా, గడప తట్టుకుని పడినా తుంటి విరుగుతుంది. ఒక్కొక్కసారి ఏ దెబ్బా లేకుండానే వెన్నుపూసలు అణగిపోయి నడుము వంగిపోతుంది. తుంటి విరిగిన వృద్ధులలో చాలామంది మునుపటిలా ఒకరి సాయం లేకుండా తిరగలేరు. ఇంటిల్లిపాదీ దాని భారం మోయవలసి వస్తుంది.

బిస్ఫాస్ఫోనేట్లు అనే వర్గానికి చెందిన మందులు కూల్చే కణాల పనిని నెమ్మదింపజేస్తాయి. వీటిలో అలెండ్రోనేట్‌ను సాధారణంగా వారానికొక 70 మిల్లీగ్రాముల మాత్రగా ఇస్తారు. రైసెడ్రోనేట్ కూడా మాత్రే. ఐబాండ్రోనేట్‌ను నెలకొకసారి మింగుతారు. జోలెడ్రోనిక్ ఆమ్లాన్ని ఏడాదికొకసారి సెలైనులా నరం ద్వారా ఎక్కిస్తారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1995లో అలెండ్రోనేట్‌ను ఈ వ్యాధికి అనుమతించింది. అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న స్త్రీలపై జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 1996లో వెలువడ్డాయి. ఆ మందు వాడినవారిలో తుంటి విరగడం, కొత్తగా వెన్నుపూసలు విరగడం రెండూ సుమారు సగానికి తగ్గినట్లు తేలింది. వృద్ధాప్యంలో వాడే మందులలో ఇంతటి మేలు చేసేవి ఎన్నో లేవు. ఈ సంగతి మరచిపోయి తరువాతి భాగం చదివితే భయమే మిగులుతుంది.

ఈ రసాయనాల పుట్టుక కొంత విచిత్రమైనది. పంతొమ్మిదో శతాబ్దంలోనే వీటిని తయారుచేసినా, చాలాకాలం పరిశ్రమలలో నీటి గొట్టాల లోపల సున్నపు పొర కట్టకుండా చూడడానికే వాడేవారు. బోరునీళ్లతో బకెట్ల అంచున తెల్లటి పొర కట్టడం చూసిన నగరవాసులకు ఆ అవసరం వేరుగా వివరించనక్కరలేదు. ఎముకపై వీటి ప్రభావాన్ని 1960లలో స్విట్జర్లాండులో హెర్బర్ట్ ఫ్లైష్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు గుర్తించారు. కాల్షియం లవణాలను అంటిపెట్టుకునే గుణం వల్లనే ఈ మందు నేరుగా ఎముకకు చేరుతుంది. చేరిన తరువాత సులభంగా వదలదు. మాత్ర మింగడం మానినా ఎముకలో కలిసిపోయిన భాగం ఏళ్ల తరబడి అక్కడే నిలిచి ఉంటుంది. మందు బలం, దానితో వచ్చే చిక్కు రెండూ ఈ గుణంలోనే ఉన్నాయి.

మరమ్మతు ఆగిన చోట

నడిచే ప్రతి అడుగుకూ తొడ ఎముక కంటికి కనబడనంతగా వంగి, మళ్లీ నిటారవుతుంది. అలా వంగినప్పుడు ఎముక లోపలి వైపు నొక్కుకుంటుంది, వెలుపలి వైపు సాగుతుంది. లక్షల అడుగుల తరువాత సాగే వైపున అతి సూక్ష్మమైన నెర్రెలు ఏర్పడడం సహజమే. కూల్చే కణాలు ఆ నెర్రె ఉన్న ముక్కను తొలగిస్తాయి, కట్టే కణాలు అక్కడ కొత్త ఎముకను నింపుతాయి. ఆ విధంగా గోడ ఎప్పటికప్పుడు బాగవుతుంది. మందు కూల్చే కణాలను ఏళ్ల తరబడి అణచి ఉంచితే మరమ్మతు కూడా మందగిస్తుంది. పాత ఎముక తొలగదు, నెర్రె పూడదు. చివరికి ఒక నెర్రె వెలుపలి అంచునుండి లోపలికి పాకుతుంది. శరీరం దానిపై కొంత ఎముకను పేర్చి అతకడానికి ప్రయత్నిస్తుంది. ఎక్స్‌రేలో ఆ ప్రయత్నం తొడ ఎముక వెలుపలి అంచున పక్షి ముక్కులాంటి చిన్న ఉబ్బుగా కనిపిస్తుంది. ఆ ఉబ్బును అడ్డంగా కోస్తూ సన్నని నల్లటి గీత కూడా కనబడితే ఎముక పూర్తిగా విరగడానికి దగ్గరలో ఉన్నట్లే.

మామూలుగా వృద్ధులలో విరిగేది తుంటి కీలుకు ఆనుకుని ఉండే మెడ భాగం, లేదా దాని చుట్టుపక్కల భాగం. ఈ అసాధారణ ఫ్రాక్చర్ అంతకంటే కిందుగా, ఎముక గట్టిగా దళసరిగా ఉండే కాండంలో వస్తుంది. సుద్దముక్కను రెండు చేతులతో విరిచినట్టు అడ్డంగా విరుగుతుంది. సాధారణంగా తునాతునకలు కాదు. మెట్టు దిగుతున్నప్పుడో, కుర్చీలోంచి లేచి పక్కకు తిరిగినప్పుడో విరిగిన సందర్భాలున్నాయి. ఆరోగ్యవంతుల తొడ ఎముక కాండం విరగాలంటే రోడ్డు ప్రమాదం వంటి పెద్ద దెబ్బ తగలాలి. అందుకే ఇటువంటి కేసులు వైద్యుల దృష్టిని ఆకర్షించాయి.

2005లో అమెరికాలోని డల్లాస్ వైద్యులు అలెండ్రోనేట్ చాలాకాలం వాడి ఎముకలు విరిగిన తొమ్మిది మందిని గురించి రాశారు. 2007లో సింగపూరు వైద్యులు చిన్నపాటి కారణాలతోనే తొడ ఎముక పైభాగం విరిగిన 13 మంది స్త్రీల వివరాలు పరిశీలించగా, వారిలో తొమ్మిది మంది అదే మందు వాడుతున్నట్లు తేలింది. 2010లో అమెరికా ఎముకల పరిశోధన సంఘం నియమించిన నిపుణుల బృందం ఈ ఫ్రాక్చర్ లక్షణాలను నిర్వచించింది. అదే ఏడాది అక్టోబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల వెంట ఇచ్చే సమాచార పత్రంలో హెచ్చరిక చేర్చాలని ఆదేశించింది.

ఇది ఎంత అరుదో లెక్కలతో చూడడం మంచిది. స్వీడన్‌లో 2008లో తొడ ఎముక విరిగిన 55 ఏళ్లు పైబడిన స్త్రీలు 12,777 మంది. వారిలో తుంటికి దిగువన, కాండం భాగంలో విరిగిన 1,234 మంది ఎక్స్‌రేలను పరిశోధకులు ఒక్కొక్కటిగా చూశారు. ఈ అసాధారణ రకం 59 మందిలోనే కనిపించింది. ఆ 59 మందిలో 46 మంది బిస్ఫాస్ఫోనేట్లు వాడినవారు. మందు ఆపిన తరువాత ఏడాదికి 70 శాతం చొప్పున ముప్పు తగ్గుతూ వచ్చిందని కూడా ఆ పరిశీలన చెప్పింది.

2020లో దక్షిణ కాలిఫోర్నియానుండి మరింత పెద్ద పరిశీలన వెలువడింది. అందులో 50 ఏళ్లు పైబడిన స్త్రీలు 1,96,129 మంది. అసాధారణ తొడ ఫ్రాక్చర్లు 277. మూడు నెలలకన్నా తక్కువ వాడినవారితో పోలిస్తే మూడు నుంచి ఐదేళ్లు వాడినవారికి ముప్పు సుమారు తొమ్మిది రెట్లు, ఎనిమిదేళ్లు లేదా అంతకుమించి వాడినవారికి సుమారు 43 రెట్లు ఎక్కువగా కనిపించింది. రెట్లు వినగానే గుండె గుభేలుమంటుంది. మొదటి సంఖ్య అతి చిన్నదైనప్పుడు నలభై రెట్లయినా చిన్నదిగానే ఉంటుందని గుర్తుంచుకోవాలి. దీర్ఘకాలం వాడేవారిలో ఏటా లక్షకు సుమారు వందమందికి ఇది రావచ్చునని నిపుణుల అంచనా.

ఆ పరిశీలనలోనే భారతీయ కుటుంబాలు ఆగి చదవవలసిన అంశం ఒకటుంది. ఆసియా మూలాలున్న స్త్రీలలో ఈ ముప్పు తెల్లజాతి స్త్రీలలోకన్నా దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. పదివేల మంది మూడేళ్లు మందు వాడితే, తెల్లజాతి స్త్రీలలో 149 తుంటి ఫ్రాక్చర్లు తప్పి రెండు అసాధారణ ఫ్రాక్చర్లు వస్తాయని అంచనా వేశారు. ఆసియా మూలాలవారిలో తప్పేవి 91, వచ్చేవి ఎనిమిది. మేలు ఇప్పటికీ ఎన్నో రెట్లు పైచేయిగానే ఉంది. అయితే త్రాసు అంత ఏకపక్షంగా లేదు. తొడ ఎముక సహజంగా కాస్త విల్లులా వంగి ఉంటే వెలుపలి వైపు సాగుడు ఎక్కువవుతుంది. ఎముక ఆకారంలోని ఇటువంటి తేడా ఈ వ్యత్యాసానికి ఒక కారణమని భావిస్తున్నారు. ఆయాసానికో కీళ్లవాతానికో ఏడాదికి మించి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికి, ఎత్తు తక్కువగా బరువు ఎక్కువగా ఉన్నవారికి కూడా ముప్పు ఎక్కువని తేలింది.

నొప్పిని సరిగా చెప్పడం

ఈ ఫ్రాక్చర్ చాలావరకు చెప్పకుండా రాదు. సుమారు 70 శాతం మందిలో ఎముక విరగడానికి కొన్ని వారాలు లేదా నెలలు ముందే నొప్పి మొదలవుతుంది. తొడ ముందుభాగంలోనో, పక్కనో, గజ్జలోనో మొద్దుగా సలుపుతుంది. నిలబడినప్పుడు, నడిచినప్పుడు, ఆ కాలిపై బరువు మోపినప్పుడు ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. దెబ్బ తగిలిన గుర్తుండదు, వాపు ఉండకపోవచ్చు.

అరవై దాటినవారికి కాళ్లనొప్పులు సహజమే కదా అన్న మాట ఇక్కడే అడ్డుపడుతుంది. మోకాళ్ల అరుగుదల అని ఒకరు, నడుములోని నరం నొక్కుకుందని మరొకరు అంటారు. నొప్పి నూనె రాస్తారు, కాపడం పెడతారు, పెయిన్‌కిల్లర్ వేసుకుని వంటపని చేసుకుంటారు. పరాయి భాష మాట్లాడే ఊరిలో దీనికి మరొక చిక్కు తోడవుతుంది. "నాయనా, తొడంతా లాగేస్తోందిరా, అడుగు వెయ్యలేకపోతున్నా" అని తల్లి చెబుతుంది. వెంట వెళ్లిన కొడుకు దానిని డాక్టరుతో "కాళ్లనొప్పి" అని రెండు ముక్కల్లో తేలుస్తాడు. తొడ అన్న మాట ఆ కొద్దిసేపటి సంభాషణలోనుంచి జారిపోతుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తారు. అందువల్ల డాక్టరు గదిలో నొప్పి ఉన్న చోటును రోగి స్వయంగా చేత్తో తాకి చూపించడం మేలు. మాట కావాలంటే కన్నడంలో తొడె, తమిళంలో తొడై అన్నా మన తొడే. ఒడియాలో జంఘ, హిందీలో జాంఘ్, మరాఠీలో మాండీ అనాలి. ఆ వెంటనే చెప్పవలసిన రెండో మాట, ఎముకల మాత్ర లేదా ఇంజెక్షన్ ఎన్నేళ్లుగా వాడుతున్నదీ. ఈ రెండూ కలిపి వింటే ఎముకల వైద్యుడి ఆలోచన వేరే దారి పడుతుంది.

అటువంటప్పుడు తొడ ఎముకను పైనుండి మోకాలి వరకు పూర్తిగా ఎక్స్‌రే తీస్తారు. తుంటికి మాత్రమే తీసిన ఎక్స్‌రే తొడ మధ్యలోని నెర్రెను చూపించలేదు. నడుముకు తీసిన స్కాను అసలే చూపించలేదు. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా అనుమానం తీరకపోతే ఎమ్మారై స్కాను లేదా బోన్ స్కాను చేయిస్తారు. ఒక కాలిలో నెర్రె కనిపించినా, ఒక కాలు విరిగినా, రెండో కాలిలో నొప్పి లేకపోయినా దానికి కూడా ఎక్స్‌రే తీయించాలి. ఇటువంటి రోగులలో సుమారు నాలుగోవంతు మందికి రెండు కాళ్లలోనూ సమస్య ఉంటుంది.

నెర్రె దశలోనే తెలిస్తే బిస్ఫాస్ఫోనేట్‌ను ఆపివేస్తారు. కాల్షియం, విటమిన్ డి స్థాయిలు చూసి లోటు ఉంటే పూరిస్తారు. నొప్పి తక్కువగా ఉంటే చేతికర్రతోనో వాకరుతోనో కాలిపై బరువు తగ్గించి గమనిస్తారు. నొప్పి ఎక్కువగా ఉన్నా, నల్లగీత లోతుగా పాకినా విరగకముందే ఎముక లోపల పొడవాటి రాడ్డు అమర్చడం మంచిదని చెబుతారు. ఆపరేషను అనగానే వెనుకాడడం సహజం. అయితే విరిగిన తరువాత అదే ఆపరేషను మరింత కష్టమైనదవుతుంది. ఈ ఎముక అతుక్కోవడానికి కూడా మామూలు ఫ్రాక్చర్‌కన్నా ఎక్కువకాలం పడుతుంది.

ఎంతకాలం వాడాలి

అలెండ్రోనేట్‌ను ఐదేళ్లు వాడిన స్త్రీలను రెండు భాగాలు చేసి, కొందరికి మరో ఐదేళ్లు మందును, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రను ఇచ్చి పోల్చిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. తుంటితో సహా వెన్నెముక కాని ఎముకలు విరగడంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. నొప్పితో బయటపడే వెన్నుపూస ఫ్రాక్చర్లు మాత్రం మందు కొనసాగించినవారిలో 2.4 శాతం, ఆపినవారిలో 5.3 శాతం. అంటే కొందరికి ఐదేళ్లతో ఆపినా నష్టం లేదు, మరికొందరికి కొనసాగించడమే మేలు. ఆ కొందరెవరో తేల్చడానికే పునఃపరిశీలన అవసరం.

ప్రస్తుతం నిపుణులు అనుసరించే పద్ధతి ప్రకారం మాత్రలు వాడేవారికి ఐదేళ్లకు, ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించుకునేవారికి మూడేళ్లకు పరిస్థితిని మళ్లీ అంచనా వేయాలి. ఎముక సాంద్రత పరీక్ష చేసి, ఈ మధ్యకాలంలో ఏ ఎముకైనా విరిగిందా అని చూసి, ముప్పు తక్కువగా ఉంటే రెండు మూడేళ్లు మందుకు విరామం ఇస్తారు. ఎముకలో నిలిచి ఉన్న మందు ఆ విరామంలోనూ కొంత కాపు కాస్తుంది. ఇదివరకే తుంటి లేదా వెన్నుపూస విరిగినవారికి, బాగా వయసు మీరినవారికి, సాంద్రత ఇంకా చాలా తక్కువగా ఉన్నవారికి మాత్రలను పదేళ్ల వరకు కొనసాగించవచ్చు, లేదా వేరే రకం మందుకు మార్చవచ్చు.

విరామం అన్న మాట ఆరునెలలకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌కు వర్తించదు. అది వేరే వర్గానికి చెందిన మందు, ఎముకలో నిలిచి ఉండదు. దానిని ఒక్కసారిగా ఆపినా, తరువాతి మోతాదుకు బాగా ఆలస్యం చేసినా ఎముక వేగంగా కరిగి, ఒకేసారి అనేక వెన్నుపూసలు విరిగిన సందర్భాలున్నాయి. సెలవులకని సొంతూరు వెళ్లి రెండు మూడు నెలలు ఉండిపోయేవారు ఇంజెక్షన్ తేదీ చూసుకుని బయలుదేరాలి. దానిని మానవలసి వస్తే వెంటనే మరొక మందు మొదలుపెట్టాలి. అసాధారణ తొడ ఫ్రాక్చర్ ఆ మందుతో కూడా అరుదుగా వస్తుంది గనుక తొడనొప్పి విషయంలో జాగ్రత్త ఒకటే.

ఈ వ్యాసం చదివిన రాత్రే మాత్రల డబ్బా చెత్తబుట్టలో వేయడం సరికాదు. మందు మొదలుపెట్టి రెండేళ్లయి, తొడలో నొప్పి ఏమీ లేనివారికి మానడంవల్ల కలిగే నష్టమే ఎక్కువ. తొడలోనో గజ్జలోనో కొత్త నొప్పి ఉన్నవారు తరువాతి మాత్ర వేసుకునేలోగా ఎముకల వైద్యుడిని కలవాలి. కలిసేవరకు బరువులెత్తకుండా, మెట్లెక్కకుండా, వీలైతే చేతికర్ర ఊతంతో నడవాలి. అడుగు వేయలేనంతగా నొప్పి ఉంటే నడిపించకుండా వాహనంలో ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

ఊరు మారినప్పుడు డాక్టరు మారతాడు, పాత ఫైలు పాత ఇంటి అటకమీదే మిగిలిపోతుంది. అదే చీటీ చూపించి మందుల షాపులో ఏడేళ్లు, ఎనిమిదేళ్లు మాత్రలు కొనేవారు ఉన్నారు. ఎప్పుడు మొదలుపెట్టారని అడిగితే "మనవడు పుట్టిన ఏడు" అన్న జవాబు వస్తుంది. మనవడి వయసుతోనైనా ఏడాది తేల్చి, దానిని కొత్త ఫైలు అట్టమీద రాసి ఉంచాలి. పెట్టెమీద పెద్ద అక్షరాలతో ఉండే పేరు కంపెనీని బట్టి మారుతుంది గనుక, దాని కింద ఉండే మందు అసలు పేరు చూడాలి. అలెండ్రోనేట్, రైసెడ్రోనేట్, ఐబాండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్‌లలో ఏదో ఒకటి అక్కడ కనిపిస్తుంది. కాల్షియం, విటమిన్ డి మాత్రలను కూడా ఇళ్లలో ఎముకల మాత్రలనే అంటారు. వాటికి ఈ ఫ్రాక్చర్‌తో సంబంధం లేదు, వాటి లెక్క వేరు. ఫైలు దొరకనివారు ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్పును, షాపు బిల్లును వెంట తీసుకువెళ్లినా ఓపీలో డాక్టరుకు ఆధారం దొరుకుతుంది.